సముద్రంలో కేబుల్ తెగితే ఇంటర్నెట్ ఎందుకు ఆగదు, ఎప్పుడు ఆగుతుంది

సముద్రం అడుగున ఉండే ఇంటర్నెట్ కేబుళ్ల గురించి నన్ను అడిగిన ప్రశ్నలో మూడు విషయాలు ఉన్నాయి. ఖండాల మధ్య ఇంటర్నెట్ నిజంగానే సముద్రం అడుగున వేసిన కేబుళ్ల మీద నడుస్తోందా? ఇన్ని ఉపగ్రహాలు ఉండగా ఆ కేబుళ్లు ఎందుకు? వాటిలో ఒకటో రెండో తెగితే అంతా ఆగిపోతుందా? మొదటి రెండింటికి జవాబు తొందరగానే తేలిపోతుంది. మూడోదాని గురించి ఎక్కువ రాస్తాను. కేబుళ్లు ఒడ్డుకు చేరే స్టేషన్లలోనూ, తర్వాత మరమ్మతు ఓడల మీదా పనిచేసినవాణ్ని కాబట్టి ఒక మాట ముందే చెప్పేస్తాను: కేబుల్ తెగడం ఈ రంగంలో రోజువారీ వ్యవహారం. నాకు టెన్షన్ పెట్టేది వేరే ఉంది. చాలా కేబుళ్లు ఒకే ఇరుకు దారిలో, ఒకదాని పక్కన ఒకటి పడి ఉండటం.

ముందు మొదటి ప్రశ్న. అవును, కేబుళ్ల మీదే. ఖండాలు దాటి వెళ్లే డేటాలో 95 శాతానికి పైగా వీటి గుండానే పోతుంది. వాడుకలో ఉన్నవీ, వేస్తున్నవీ కలిపితే ప్రపంచంలో 600 దాకా ఉన్నాయి. మొత్తం పొడవు 14 లక్షల కిలోమీటర్ల పైమాటే. ఇంతవరకూ కేబుల్ చేరని ఖండం అంటార్కిటికా ఒక్కటే. అక్కడి పరిశోధన కేంద్రాలు ఉపగ్రహాల మీదే ఆధారపడతాయి.

ఉపగ్రహాల సంగతి. భూస్థిర ఉపగ్రహం, అంటే భూమితోపాటే తిరుగుతూ ఆకాశంలో ఒకేచోట నిలిచినట్టు కనిపించేది, భూమధ్యరేఖకు పైన 35,786 కి.మీ. ఎత్తులో ఉంటుంది. సంకేతం పైకి వెళ్లి కిందికి దిగడానికే దాదాపు పావు సెకను పడుతుంది. అడిగి, జవాబు తెచ్చుకోవాలంటే అర సెకను. దీని పక్కన అమెరికాలోని వర్జీనియా బీచ్ నుంచి స్పెయిన్‌లోని బిల్బావో దాకా వేసిన మారేయా కేబుల్‌ని చూడండి. పొడవు సుమారు 6,600 కి.మీ. గాజులో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కి.మీ. పోతుంది కాబట్టి ఒకవైపుకు 33 మిల్లీసెకన్లు, రానూపోనూ 66. ఈమధ్య 550 కి.మీ. ఎత్తులో తిరిగే ఉపగ్రహాలు వచ్చాక ఆలస్యం అనే సమస్య చాలావరకు తీరింది. సామర్థ్యం సమస్య మాత్రం తీరలేదు. 2017లో పూర్తయిన మారేయాను సెకనుకు 160 టెరాబిట్లు (ఒక టెరాబిట్ అంటే లక్ష కోట్ల బిట్లు) మోసేలా తయారుచేశారు. ఆ తర్వాత నాలుగేళ్లలోపే గూగుల్ వేసిన డూనాన్ కేబుల్ సామర్థ్యం 250 టెరాబిట్లు. ఆకాశంలో రేడియో తరంగాలకు దొరికే జాగా కొంతే, దాన్ని అందరూ పంచుకోవాలి. గాజుపోగుకు ఆ ఇబ్బంది లేదు. పక్కన ఇంకో పోగు పెడితే అంత సామర్థ్యమూ మళ్లీ దొరుకుతుంది. ఓడలకూ విమానాలకూ, మారుమూల దీవులకూ, విపత్తు వేళలకూ ఉపగ్రహం చాలా విలువైనది. ఖండానికీ ఖండానికీ మధ్య అంత బరువును మోయడం మాత్రం దానివల్ల కాదు.

కేబుల్ అనగానే చాలామంది పెద్ద గొట్టాన్ని ఊహించుకుంటారు. లోతు సముద్రంలో వేసేదాని మందం 17 నుంచి 21 మిల్లీమీటర్లు, అంటే బొటనవేలంత. నడుమ వెంట్రుకంత సన్నని గాజుపోగులు, వాటి చుట్టూ నీరు చొరబడకుండా జెల్లీ, ఆపైన బలం కోసం ఉక్కు తీగలు, కరెంటు పోవడానికి రాగి గొట్టం, అన్నిటికీ పైన పాలిథిన్ తొడుగు. మారేయాలో ఉన్నవి 8 జతల పోగులు. డూనాన్‌లో 12 జతలు. తీరం దగ్గర పడేకొద్దీ దీనికి ఉక్కు తీగల కవచం ఒక వరుస, అవసరమైతే రెండు వరుసలు చుడతారు. అక్కడ మందం 50 మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది. లోతు ఎక్కువైనచోట కేబుల్ సన్నగా, లోతు తక్కువైనచోట లావుగా ఎందుకు ఉంటుందో కాస్త ఆలోచిస్తే అర్థమవుతుంది. నాలుగు వేల మీటర్ల అడుగున దాని జోలికి వచ్చేవాళ్లు లేరు. పైగా ఎప్పుడైనా పైకి లాగాల్సి వస్తే ఆ నాలుగు వేల మీటర్ల బరువునూ కేబులే మోయాలి. తీరం దగ్గర లంగర్లు ఉంటాయి, వలలు ఉంటాయి.

ఎంత మేలు రకం ఫైబరైనా వంద కి.మీ. దాటేసరికి బయలుదేరిన కాంతిలో సుమారు 3 శాతమే మిగులుతుంది. అలా వదిలేస్తే అట్లాంటిక్ అవతలికి ఒక్క కాంతి కణమైనా చేరదు. అందుకని 60 నుంచి 100 కి.మీ.కు ఒకటి చొప్పున కేబుల్ మధ్యలో రిపీటర్లు, అంటే సంకేతాన్ని మళ్లీ బలపరిచే పరికరాలు, పెడతారు. 1988లో అట్లాంటిక్ మీదుగా వేసిన మొదటి ఫైబర్ కేబుల్ టాట్-8లో ప్రతి రిపీటరూ కాంతిని కరెంటుగా మార్చి, సరిదిద్ది, మళ్లీ కాంతిగా మార్చి పంపేది. అప్పట్లో అది ఒకేసారి 40 వేల ఫోన్ కాల్స్ మోయగలగడం పెద్ద విశేషం. అంతకు ముందు 1956లో వేసిన రాగి కేబుల్ టాట్-1 మోసింది 36 కాల్స్.

తర్వాత వచ్చిన మార్పు నా దృష్టిలో ఈ రంగం మొత్తంలోకీ గొప్పది. ఎర్బియం అనే మూలకాన్ని కొద్దిగా కలిపిన ఫైబర్‌లోకి పక్కనుంచి లేజర్ కాంతి పంపితే, దానిగుండా పోయే సంకేతం కాంతిగానే బలపడుతుంది. కరెంటుగా మార్చి మళ్లీ వెనక్కి మార్చే తతంగం లేదు. 1980ల చివర్లో బ్రిటన్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం, అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధకులు దీన్ని సాధించారు. 1990ల మధ్యకల్లా అట్లాంటిక్ కేబుళ్లలోకి వచ్చేసింది. ఇందులోని అందం ఏమిటంటే, సముద్రం అడుగున ఉన్న రిపీటర్‌కి ఆ కాంతిలో ఏ భాషలో సమాచారం రాసి ఉందో తెలియక్కర్లేదు, పట్టించుకోదు కూడా. వచ్చినదాన్ని బలపరిచి పంపుతుంది. అందువల్ల కేబుల్‌ని అడుగునే వదిలేసి, రెండు ఒడ్డుల్లోని స్టేషన్లలో యంత్రాలు మార్చితే చాలు, పాత కేబులే అంతకు ముందుకన్నా అనేక రెట్లు మోస్తుంది. 2010 ప్రాంతంలో కోహెరెంట్ యంత్రాలు, అంటే కాంతి తరంగం దశను కూడా చదివి అదే కాంతిలో ఎక్కువ సమాచారం ఎక్కించేవి, వచ్చినప్పుడు అప్పటికే ఏళ్ల తరబడి నీళ్లలో ఉన్న కేబుళ్లకు అలాగే కొత్త ఊపిరి వచ్చింది.

రిపీటర్లకు కరెంటు ఎక్కడినుంచి వస్తుందని తరచూ అడుగుతారు. ఒడ్డునుంచే వస్తుంది. ఆ రాగి గొట్టం ఉన్నది అందుకే. కేబుల్ పొడవునా సుమారు ఒక ఆంపియర్ కరెంటు ఎక్కువ తక్కువలు లేకుండా నడుస్తుంది. అంత దూరం దాన్ని తోయడానికి పొడవైన కేబుళ్లకు 10 నుంచి 15 వేల వోల్టులు కావాలి. ఒక ఒడ్డున ధనాత్మకంగా, ఇంకో ఒడ్డున రుణాత్మకంగా వోల్టేజీ ఇస్తారు. నడిమధ్యలో ఎక్కడో అది సున్నా అవుతుంది. వలయం పూర్తిచేసేది సముద్రమే.

ఈ అమరికలో ఒక మంచి గుణం ఉంది. ఏ లంగరో గీసుకుని పైతొడుగు చిరిగి, రాగికి ఉప్పునీరు తగిలిందనుకోండి, గాజుపోగులు మాత్రం తెగలేదు. అప్పుడు ఆ చిరిగిన చోటే వోల్టేజీ సున్నా అవుతుంది. రెండు స్టేషన్లూ తమ వోల్టేజీలను దానికి తగ్గట్టు సర్దుకుంటాయి. వాడేవాళ్లకు తేడా ఏమీ తెలియదు, ట్రాఫిక్ నడుస్తూనే ఉంటుంది. స్టేషన్‌లో డ్యూటీలో ఉన్నవాళ్లు మాత్రం రెండు వైపుల వోల్టేజీలూ చూసి, కిలోమీటరుకు రాగి నిరోధం ఎంత, ఒక్కో రిపీటర్ దగ్గర ఎంత పడిపోతుంది అని లెక్కకట్టి, దెబ్బ ఎక్కడ తగిలిందో అంచనా వేస్తారు. పోగులే తెగితే కాంతిని పంపి, వెనక్కి చెదిరి వచ్చే వెలుతురు ఎంతసేపటికి వచ్చిందో కొలుస్తారు. సముద్రంలోకి ఎవరూ తొంగి చూడకుండానే తెగిన చోటు చాలా దగ్గరగా తేలిపోతుంది.

కేబుల్ వేయడం గురించి క్లుప్తంగానే చెబుతాను, దాని మీద వీడియోలు బోలెడున్నాయి. ముందు సర్వే చేసి దారి ఎంచుకుంటారు. వేల కిలోమీటర్ల కేబుల్‌ని ఓడలోని గుండ్రటి ట్యాంకుల్లో చుట్టలుగా నింపుతారు, దానికే వారాలు పడతాయి. వెయ్యి, వెయ్యిన్నర మీటర్ల లోతు వరకూ నాగలిని ఓడ వెనక లాగుతూ అడుగు మట్టిలో ఒకటి రెండు మీటర్ల కింద పూడుస్తారు. అంతకన్నా లోతులో ఊరికే అడుగున పరుస్తారు. ఆయుష్షు 25 ఏళ్లుగా లెక్కేస్తారు. ఒక మహాసముద్రం దాటే కేబుల్‌కి కోట్ల డాలర్లలో, ఒక్కోసారి పదుల కోట్ల డాలర్లలో ఖర్చవుతుంది. ఒకప్పుడు టెలిఫోన్ సంస్థలు కలిసి పెట్టుకునే ఖర్చును ఇప్పుడు ఎక్కువగా గూగుల్, మెటా, మైక్రోసాఫ్ట్, అమెజాన్ లాంటి సంస్థలు పెట్టుకుంటున్నాయి.

ఇక అసలు ప్రశ్న. ప్రపంచం మొత్తం మీద ఏడాదికి 150 నుంచి 200 వరకు కేబుల్ దెబ్బతిన్న ఘటనలు జరుగుతాయి. అంటే వారానికి మూడు నాలుగు. వాటిలో నూటికి 70 నుంచి 80 వరకు చేపల వేట వలల వల్ల, ఓడల లంగర్ల వల్ల జరిగేవే. అవీ ఎక్కువగా 200 మీటర్లకన్నా తక్కువ లోతులోనే. మిగిలినవాటిలో భూకంపాలు, సముద్రం అడుగున జారే మట్టిచరియలు, రాళ్ల మీద ఏళ్ల తరబడి రాపిడి, పరికరాల వైఫల్యం ఉంటాయి. సొరచేపలు కొరుకుతాయన్న కథ అందరికీ ఇష్టం. 1980ల్లో కెనరీ దీవుల దగ్గర ఒక కేబుల్‌లో సొరచేప పళ్లు దొరికిన మాట నిజమే. తర్వాత కేబుళ్ల తయారీ మారింది, ఇప్పుడు తెగడానికి కారణాల్లో సొరచేప లెక్కలోకి రాదు.

ఈ వారానికి మూడు నాలుగు వార్తలకెక్కవు. ఎందుకంటే తెగిన క్షణంలోనే నెట్‌వర్కులు ట్రాఫిక్‌ను వేరే కేబుళ్ల మీదికి మళ్లించేస్తాయి. దారి పొడవైతే కాస్త ఆలస్యం పెరుగుతుంది, మిగిలిన దారుల్లో రద్దీ ఎక్కువైతే వేగం తగ్గుతుంది. ఎక్కువమందికి అదీ తెలియదు. అట్లాంటిక్ మీద ఇన్ని కేబుళ్లు ఉన్నాయి కాబట్టి ఒకటి పోతే ఎవరికీ చీమ కుట్టినట్టైనా ఉండదు.

మరమ్మతు ఎలా చేస్తారో చెప్పకుండా ముందుకు వెళ్లలేను, ఈ పని మీద నాకున్న ఇష్టం అలాంటిది. సముద్రాలను ప్రాంతాలుగా పంచుకుని, కేబుళ్ల యజమానులు ఉమ్మడిగా ఓడల్ని సిద్ధంగా ఉంచుతారు. కబురందిన 24 గంటల్లో ఓడ బయలుదేరేలా చాలా ఒప్పందాలు ఉంటాయి. డిపోలో విడి కేబుల్ చుట్టలు, విడి రిపీటర్లు ఉంటాయి. ఏ కేబుల్‌కి ఆ కేబుల్ రకమే కావాలి కాబట్టి ఇదీ చిన్న ఏర్పాటేమీ కాదు.

లోతు తక్కువైతే రిమోట్‌తో నడిచే యంత్రాన్ని దించి కేబుల్‌ని చూస్తూ పట్టుకోవచ్చు. లోతు మూడు నాలుగు వేల మీటర్లైతే ఇప్పటికీ ఉక్కు కొక్కేలే. ఓడను కేబుల్‌కి అడ్డంగా అతి నెమ్మదిగా నడుపుతూ, కిలోమీటర్ల తాడు చివర కొక్కేన్ని అడుగున ఈడుస్తారు. ఏమీ కనబడదు. తాడు మీద పడే లాగుడు బలాన్ని చూపే మీటరే కళ్లు. గంటల తరబడి ఒకే చోట ఊగుతున్న ఆ అంకె క్రమంగా, నిలకడగా పెరగడం మొదలుపెట్టినప్పుడు డెక్ మీద మాటలు ఆగిపోతాయి. రాయికి తగిలితే ఒక్కసారిగా ఎగిరి పడిపోతుంది. కేబుల్ దొరికితే మెల్లగా ఎక్కి నిలుస్తుంది. కొన్నాళ్లు చేసినవాళ్లు ఆ తేడాను మీటరు చూడకుండానే పసిగట్టేస్తారు.

తెగని కేబుల్‌నైనా, అంటే తొడుగు మాత్రమే చిరిగినదాన్నైనా, ముందు అడుగునే కోయాలి. వినడానికి విడ్డూరంగా ఉంటుంది. కానీ నాలుగు వేల మీటర్ల లోతులో పరిచిన కేబుల్‌ని వంచి పైకి తేవడానికి అంత వదులు ఉండదు. అందుకని ఒక కొక్కెంతో కోసి, ఇంకో కొక్కెంతో ఒక కొసను పట్టి పైకి లాగుతారు. ఆ కొసనుంచి ఒడ్డు దాకా పరీక్షిస్తారు. బాగుంటే కొసకు సీలు వేసి, నీటి మీద తేలే బోయకు కట్టి నీళ్లలో వదులుతారు. తర్వాత రెండో కొస. దెబ్బతిన్న ముక్కను కోసి పారేసి, కొత్త కేబుల్‌ని అతికించి, దాన్ని వదులుకుంటూ బోయ దగ్గరికి వచ్చి చివరి అతుకు వేస్తారు. వెంట్రుకంత పోగుల్ని ఊగే ఓడలో ఒక్కొక్కటిగా కరిగించి కలపడం, రాగినీ ఉక్కునూ జోడించడం, పైన పాలిథిన్ పోతపోసి లోపల బుడగలేమైనా ఉన్నాయేమోనని ఎక్స్‌రే తీయడం, ఇదంతా కలిపి ఒక్కో అతుక్కీ సుమారు ఒక రోజు పడుతుంది. ఇలా మరమ్మతైన చోట కేబుల్ మునుపటికన్నా పొడవవుతుంది, లోతుకు రెండు మూడు రెట్ల ముక్క కలుస్తుంది కాబట్టి. గాలివాన వస్తే అంతా ఆపి ఎదురుచూడటమే.

ఈ కొక్కేల పద్ధతి పాతదే. 1858లో ఐర్లండ్, ఇప్పటి కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌ల మధ్య వేసిన మొదటి అట్లాంటిక్ టెలిగ్రాఫ్ కేబుల్‌లో విక్టోరియా రాణి పంపిన 98 మాటల సందేశం చేరడానికి 16 గంటలు పట్టింది. సంకేతం బలహీనంగా ఉందని వైట్‌హౌస్ అనే ఎలక్ట్రీషియన్ దాదాపు 2,000 వోల్టులు ఇవ్వడంతో అప్పటికే అంతంతమాత్రంగా ఉన్న తొడుగు పాడైంది. మూడు వారాలకే ఆ కేబుల్ మూగబోయింది. 1865లో గ్రేట్ ఈస్టర్న్ ఓడ మరో కేబుల్ వేస్తుండగా అది నడిసముద్రంలో తెగి మునిగిపోయింది. మరుసటి ఏడు అదే ఓడ కొత్త కేబుల్ విజయవంతంగా వేయడమే కాదు, వెనక్కి వెళ్లి, మూడున్నర కిలోమీటర్లకు మించిన లోతులోంచి పాత కొసను కొక్కెంతో వెతికి పట్టి, అతికించి, దాన్నీ పూర్తిచేసింది. జీపీఎస్ లేని రోజుల్లో, సూర్యుణ్నీ నక్షత్రాలనూ చూసి లెక్కకట్టిన చోట. ఇది నేను ఎప్పుడు తలచుకున్నా చేతులెత్తి మొక్కాలనిపించే పని.

సరే, ఇంత చక్కగా బాగుచేసుకోగలిగినప్పుడు భయమెందుకు? కొన్ని ఘటనలు వరసగా చూస్తే తెలుస్తుంది.

2006 డిసెంబర్ 26న తైవాన్ దక్షిణ కొన దగ్గర భూకంపం వచ్చింది. కేబుళ్లను తెంపింది కంపనం కాదు, దానివల్ల సముద్రం అడుగున వాలు మీదినుంచి కదిలిన బురద ప్రవాహం. తైవాన్, ఫిలిప్పీన్స్‌ల మధ్య ఉన్న లూజాన్ జలసంధిలో 9 కేబుళ్లు తెగాయి. తూర్పు ఆసియాలో చాలా చోట్ల ఇంటర్నెట్, ఫోన్లు, బ్యాంకు లావాదేవీలు దెబ్బతిన్నాయి. అన్నీ సరిచేయడానికి 11 ఓడలకు 49 రోజులు పట్టింది. ఇలాంటి ప్రవాహాలు ఉంటాయని శాస్త్రవేత్తలకు నమ్మకం కలిగించినవీ కేబుళ్లే. 1929 నవంబర్‌లో న్యూఫౌండ్‌లాండ్ దక్షిణాన గ్రాండ్ బ్యాంక్స్ దగ్గర భూకంపం వచ్చాక 12 టెలిగ్రాఫ్ కేబుళ్లు తెగాయి. దగ్గరివి వెంటనే పోయాయి, దూరంగా ఉన్నవి ఒకదాని తర్వాత ఒకటిగా, చివరిది 13 గంటల తర్వాత. ఏ కేబుల్ ఏ నిమిషంలో మూగబోయిందో స్టేషన్లలో రాసి ఉంది. 1952లో హీజెన్, యూయింగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఆ సమయాలనుంచే బురద ప్రవాహం వేగాన్ని లెక్కకట్టారు.

2008 జనవరి 30న ఈజిప్టులోని అలెగ్జాండ్రియా దగ్గర సీ-మీ-వీ 4, ఫ్లాగ్ కేబుళ్లు ఒకే రోజు తెగాయి. ఈజిప్టునుంచి భారతదేశం దాకా కోట్లమందికి ఇంటర్నెట్ నత్తనడక నడిచింది. రెండు రోజుల తర్వాత దుబాయ్, ఒమన్‌ల మధ్య ఇంకో కేబుల్ పోయింది. ఆ మూడోదాని దగ్గర, వదిలేసిన ఐదు టన్నులకు పైగా బరువున్న లంగరు దొరికింది. ఆసియాకూ యూరప్‌కూ మధ్య వెళ్లే కేబుళ్లలో ఎక్కువభాగం ఎర్ర సముద్రం గుండా వచ్చి, ఈజిప్టు నేల మీదుగా దాటి, మధ్యధరా సముద్రంలో దిగుతాయి. కాగితం మీద వేర్వేరు కంపెనీల వేర్వేరు కేబుళ్లు, నేల మీద ఒకటే దారి.

2024 ఫిబ్రవరిలో మళ్లీ అదే సముద్రం. యెమెన్‌లోని హౌతీ తిరుగుబాటుదారుల క్షిపణి తగిలిన రూబీమార్ అనే సరుకు ఓడను సిబ్బంది లంగరు వేసి వదిలి వెళ్లారు. అది మునిగేలోపు రోజుల తరబడి లంగరు ఈడ్చుకుంటూ కొట్టుకుపోయింది. ఏఏఈ-1, సీకామ్, ఈఐజీ కేబుళ్లు మూడూ తెగాయి. ఆ లంగరే తెంపి ఉంటుందని అంచనా. అతుకు వేయడం ఒకటి రెండు రోజుల పనే అయినా, యుద్ధం జరిగే నీళ్లలోకి మరమ్మతు ఓడ వెళ్లడానికి అనుమతులూ బీమా కుదిరేసరికి నెలలు గడిచాయి.

దీనికి పక్కన పెట్టి చూడాల్సింది అదే ఏడు మార్చిలో జరిగింది. పశ్చిమ ఆఫ్రికాలో, ఐవరీ కోస్ట్ దేశంలోని అబిజాన్ తీరం దగ్గర వాక్స్, మెయిన్‌వన్, ఏస్, సాట్-3 అనే నాలుగు కేబుళ్లు ఒకే రోజు తెగాయి. సముద్రం అడుగున మట్టి కదలడమే కారణమని భావించారు. పన్నెండు పైచిలుకు దేశాల్లో ఇబ్బంది. గూగుల్ వేసిన ఈక్వియానో కేబుల్ అదే తీరం వెంబడి వెళ్తుంది, కానీ ఆ చోట ఒడ్డుకు బాగా దూరంగా లోతులో ఉంది. దానికేమీ కాలేదు, మిగతా నాలుగింటి ట్రాఫిక్‌లో చాలా భాగం దాని మీదికే మళ్లింది. నాలుగున్నా ఒకే లోయ అడుగున ఉంటే ఆ రోజు ఒకటి ఉన్నట్టే లెక్క. దూరంగా ఉన్న ఐదోది నిలబడింది. దారి ఎంచుకునేటప్పుడు కాస్త ఖర్చెక్కువైనా వేరే దారి పట్టమని కేబుల్ ఇంజనీర్లు ఎందుకు పట్టుబడతారో దీన్నిబట్టి తెలుస్తుంది. కొత్త కేబుల్ ప్రకటించినప్పుడు ఎన్ని టెరాబిట్లు అనే అందరూ రాస్తారు. పాతవాటికి అది ఎంత దూరంలో పోతోందన్నది నాకు ముఖ్యం.

ఒక్క కేబులే ఉన్న చోటి పరిస్థితి వేరు. 2022 జనవరి 15న టోంగాలో అగ్నిపర్వతం పేలింది. నీటికింద దూసుకొచ్చిన రాళ్లూ బూడిద ప్రవాహం ఫిజీతో ఆ దేశాన్ని కలిపే ఏకైక కేబుల్‌ని ఛిద్రం చేసింది. అసలు ఎంతమంది బతికున్నారో మొదటి రోజుల్లో బయటి ప్రపంచానికి తెలియలేదు. 80 కి.మీ.కు పైగా కేబుల్ మార్చాల్సి వచ్చింది. ఐదు వారాలకు బయటి లింకు తిరిగి వచ్చింది. దేశంలోని దీవుల మధ్య ఉన్న కేబుల్ బాగవడానికి ఏడాదిన్నర పట్టింది. అన్నాళ్లూ అక్కడ ఆధారం ఉపగ్రహాలే. అందుకే వాటిని కేబుల్‌కి పోటీగా చూడటం నాకు నచ్చదు. ఒక్క కేబుల్ మీద బతికే దీవికి రెండూ కావాలి.

కావాలని తెంపడం గురించి కూడా అడుగుతుంటారు. జరుగుతుంది, కొత్తేమీ కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలోకి బ్రిటన్ దిగిన మరునాడే, 1914 ఆగస్టు 5న, బ్రిటిష్ ఓడ ఒకటి ఇంగ్లిష్ ఛానెల్‌లో జర్మనీ కేబుళ్లను కోసేసింది. 2024 నవంబర్‌లో బాల్టిక్ సముద్రంలో రెండు రోజుల్లో రెండు కేబుళ్లు తెగితే అనుమానం ఒక సరుకు ఓడ లంగరు మీదికి వెళ్లింది. లంగరు ఈడ్చుకుపోయిన ఓడ పొరపాటున చేసిందా, కావాలని చేసిందా తేల్చడం చాలా కష్టం. మరమ్మతు ఓడ మీద ఉన్నవాళ్లకు మాత్రం రెండూ ఒకటే పని. ఇంటర్నెట్ మొత్తాన్ని ఆపాలంటే ఎన్నో సముద్రాల్లో, ఓడలు బాగుచేసేకన్నా వేగంగా తెంపుతూ పోవాలి. ఇరుకు జలసంధిలో ఒక ప్రాంతాన్ని కుంటుపరచడానికి అంత అక్కర్లేదు, నాకు దిగులు అక్కడే. ప్రపంచం మొత్తంలో కేబుల్ పని చేసే ఓడలు కొన్ని పదులే, వాటిలో చాలా వాటికి వయసు మీరింది. కొత్త కేబుళ్లకు డబ్బు పెట్టేవాళ్లు దొరికినంత సులభంగా మరమ్మతు ఓడలకు దొరకడం లేదు. మనసులో ఉన్నది దాచుకోకుండా చెబుతున్నాను, ఇది సరిదిద్దాల్సిన విషయం.

చట్టం ఉందా అంటే ఉంది. 1884లోనే పారిస్‌లో కేబుళ్ల రక్షణకు అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. 1982 నాటి సముద్ర చట్ట ఒప్పందంలోనూ వీటి గురించి అధికరణలు ఉన్నాయి. వాటిలో ఒకటి జాలర్లందరికీ తెలియాలి. కేబుల్‌కి లంగరో వలో తగులుకుంటే, కేబుల్ దెబ్బతినకుండా కాపాడటం కోసం తన లంగరునో వలనో వదులుకున్నట్టు రుజువు చేయగలిగితే, ముందే తగిన జాగ్రత్తలన్నీ తీసుకుని ఉంటే, ఆ నష్టాన్ని కేబుల్ యజమాని చెల్లించాలి. గట్టిగా లాగి విడిపించుకోవాలని చూడటం వల్ల కేబుల్‌కే కాదు, పడవకీ ప్రమాదం. చిన్న పడవలు బోల్తాపడే అవకాశం ఉంది. కొన్ని వేల వోల్టుల సంగతి సరేసరి.

మీరు ఎక్కడున్నా ఇదంతా కొంతవరకు స్వయంగా చూసుకోవచ్చు. ఇంకో ఖండంలో ఉన్న సర్వర్‌కి పింగ్ చేసి, అంటే చిన్న సంకేతం పంపి అది తిరిగొచ్చే సమయం కొలిచి, వచ్చిన మిల్లీసెకన్లను వందతో గుణించండి. మీ సంకేతం ఒకవైపుకు పోయిన ఫైబర్ దారి కిలోమీటర్లలో అంతకు మించి ఉండదు. గాజులో కాంతి మిల్లీసెకనుకు 200 కి.మీ. పోతుంది, పింగ్‌లో రానూపోనూ కలిసి ఉంటాయి, అందుకే వంద. నడుమ రూటర్లు తీసుకునే సమయం కొంత ఉంటుంది కాబట్టి అసలు దూరం కాస్త తక్కువే. సంకేతం దారిలోని రూటర్లను ఒక్కొక్కటిగా చూపే ట్రేస్‌రూట్‌ కమాండ్‌లో ఒక మెట్టునుంచి ఇంకో మెట్టుకు అంకె ఒక్కసారిగా గెంతి, ఆ తర్వాత మెట్లన్నిట్లోనూ అలాగే నిలిస్తే మధ్యలో సముద్రం దాటిందని అనుకోవచ్చు. ఎక్కడో కేబుల్ తెగిందని వార్త వచ్చిన రోజు అదే సర్వర్‌కి మళ్లీ చూడండి. వంద ఉండే అంకె రెండు వందలు చూపిస్తే మీ ట్రాఫిక్ వేరే సముద్రం చుట్టి వస్తోందని చెప్పొచ్చు. ఓడ పని ముగించుకున్నాక అది మళ్లీ వందకు దిగుతుంది.